కవరు నిండా కాగితాలతో వచ్చిన మనిషికి దారి చూపడం ఎలా

జగిత్యాల జిల్లాలో ఒక మండల కేంద్రం మాది. మా జిరాక్స్ షాపు సరిగ్గా మండల ఆఫీసుకు ఎదురుగా ఉంటుంది. 19 ఏళ్లుగా నడుపుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. బట్టల షాపుదో, మందుల షాపుదో. అందులో ఆధార్ కార్డు, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, మడతల దగ్గర చిరిగిన ఆసుపత్రి చీటీలు, ఎప్పుడో దిగిన పాస్‌ఫోటోలు ఉంటాయి. ఆ ఇంటి కథంతా ఆ కవర్లోనే ఉంటుంది. ఆఫీసులో ఎవరో "జిరాక్స్ పట్టుకొని రా" అంటారు, వీళ్లు రోడ్డు దాటి వస్తారు. ఏ కాగితం జిరాక్స్ తీయించాలో తెలియదు. కవరు మొత్తం నా ముందు పెట్టి "నువ్వే జూడు బిడ్డా" అంటారు.

అలా చూడటం మొదలుపెట్టి, చూస్తూ చూస్తూ నేర్చుకున్న పని ఇది. పథకాలు లేక కాదు, ఫోన్ నంబర్లు లేక కాదు. అవి ఉన్న చోటికీ మనిషికీ మధ్య ఒక రోడ్డంత దూరం ఉంటుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ రోడ్డు దాటించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మహిళా సంఘం లీడర్ కావచ్చు, రిటైరైన టీచర్ కావచ్చు, డిగ్రీ చదివే పిల్లలు కావచ్చు, కిరాణా షాపు ఆయన కావచ్చు, ఎవరైనా తమ వాడకట్టులో ఈ పని చేయవచ్చు. ఎలా చేయాలో నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు ఒక సంగతి చెబుతాను. నేను ఈ పనిని గట్టిగా పట్టుకున్నది అప్పటి నుంచే.

ఒక్క చావు, ఎన్ని ఆఫీసులు

ఒక అవ్వ వచ్చింది. 38 ఏళ్ల కొడుకు, మేస్త్రీ పని చేసేవాడు, గుండెపోటుతో పోయి నెల కావస్తోంది. డెత్ సర్టిఫికెట్ జిరాక్స్ కావాలి, రేషన్ కార్డులో పేరు తీసేయడానికట. కవర్లోంచి ఒక్కో కాగితం తీసి అద్దం మీద పెడుతుంటే కొడుకు పాస్‌బుక్కు కూడా వచ్చింది. ఊరికే తెరిచాను. మే నెల చివర్లో ఒక వరుస ఉంది: 436 రూపాయలు కోత. దాని కింద ఇంకో వరుస, 20 రూపాయలు.

"అవ్వా, ఈ బుక్కు ఎక్కడా పడేయకు, కోడలిని వెంటబెట్టుకొని రేపు రా" అన్నాను.

436 రూపాయలంటే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. మనిషి ఏ కారణంతో పోయినా నామినీకి 2 లక్షలు వస్తాయి. 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరవచ్చు, 55 వరకు కొనసాగుతుంది. 20 రూపాయలంటే సురక్షా బీమా, ప్రమాదంలో పోతే 2 లక్షలు, ఇది 70 ఏళ్ల వరకు. రెండూ 2015లో వచ్చాయి. 2022 జూన్‌కు ముందు పాస్‌బుక్కులో ఇవే 330, 12 అని కనిపిస్తాయి. ఖాతా తెరిచిన రోజు ఏదో ఫారం మీద సంతకం పెట్టించుకుంటారు. ఇంట్లో వాళ్లకు ఆ సంగతి తెలియదు. అడిగేవాళ్లు లేకపోతే ఆ డబ్బు దానంతట అది ఇంటికి రాదు.

కోడలే నామినీ. ఖాతా ఉన్న బ్రాంచిలోనే క్లెయిమ్ ఫారం ఇస్తారు. దానికి డెత్ సర్టిఫికెట్, ఆమె ఆధార్, ఆమె పాస్‌బుక్కు జతచేశాం. మనిషి పోయిన 30 రోజుల లోపు ఇవ్వమంటారు. దినాలు, మాసికం చూసుకొని తీరిగ్గా వెళ్దామంటే ఆలస్యమవుతుంది. కొత్తగా చేరినవాళ్లకైతే మొదటి 30 రోజుల్లో ప్రమాదం తప్ప వేరే కారణంతో చావుకు డబ్బు రాదు, ఆ సంగతి ముందే చెప్పాలి. ఈ అబ్బాయి చేరి మూడేళ్లయింది. డబ్బు వచ్చింది.

ఆ రోజు నుంచి ఎవరింట్లో చావు జరిగినా నేను ఒకే వరుసలో అడుగుతాను. చావును 21 రోజుల లోపు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో రాయించారా? బ్యాంకు పాస్‌బుక్కు ఏది? పోయినాయన పేరున గుంట భూమైనా ఉందా? ఉంటే రైతు బీమా చూడాలి. 2018 ఆగస్టులో తెలంగాణలో మొదలైంది, 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు పోతే కుటుంబానికి 5 లక్షలు. దానికి రైతు వేదికలో ఏఈఓను, అంటే వ్యవసాయ విస్తరణ అధికారిని, కలవాలి. కూలి పని, మేస్త్రీ పని చేసేవాడైతే లేబర్ కార్డు ఉందా? భవన నిర్మాణ కార్మికుడిగా పేరు నమోదై ఉంటే కార్మిక శాఖ నుంచి కుటుంబానికి సాయం వస్తుంది. ఇంటిని పోషించే మనిషి, 18 నుంచి 59 ఏళ్ల మధ్యవాడు, పేద కుటుంబం అయితే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒకసారి 20 వేలు ఇస్తారు. ఇది తహసీల్దార్ ఆఫీసులో అడగాలి. ఇక భార్యకు వితంతు పింఛను, దానికి పంచాయతీ కార్యదర్శి, ఎంపీడీఓ ఆఫీసు.

చూడండి, ఒక్క చావుకు ఐదారు గడపలు. ఒక గడపలో వాళ్లకు ఇంకో గడప సంగతి పట్టదు, వాళ్ల పని వాళ్లది. అన్నీ ఒకచోట కూర్చోబెట్టి అడిగే మనిషి మీరు కావాలి. ఆ అవ్వ వచ్చింది రేషన్ కార్డులో పేరు తీయించడానికి మాత్రమే.

ఏం కావాలి అని కాదు, ఏమైంది అని అడగండి

జనం తమకు తెలిసిన పథకం పేరే అడుగుతారు. పక్కింటావిడకు వచ్చింది కాబట్టి తనకూ అదే కావాలంటారు. ఒక కాక వచ్చి "ముసలోళ్ల పింఛను ఫారం ఇయ్యి" అన్నాడు. ఆయనకు 52 ఏళ్లే. లేదు, నీకు వయసు సరిపోదు అని చెప్పి పంపేస్తే పని అయిపోయేది. "ఏమైంది కాకా, పనికి పోతలేవా?" అని అడిగాను. లుంగీ కొద్దిగా పైకి తీశాడు. షుగర్ వల్ల మోకాలి కింద కాలు తీసేశారు. ఆయనకు కావలసింది వృద్ధాప్య పింఛను కాదు, దివ్యాంగుల సర్టిఫికెట్. మన దగ్గర ఇప్పటికీ అందరూ సదరం సర్టిఫికెట్ అనే అంటారు. 40 శాతం, ఆపైన ఉంటే పింఛనుకు, బస్సు పాసుకు, ఇంకా చాలావాటికి అదే ఆధారం.

ఇందులో ఇంకో మాట. వైకల్యం అంటే కాలో చెయ్యో కన్నో అనే అనుకుంటారు. 2016 చట్టంలో 21 రకాలు ఉన్నాయి. తలసీమియా, సికిల్ సెల్, హీమోఫీలియా, పార్కిన్సన్స్, మానసిక వ్యాధి, చదువు సరిగా పట్టుబడని సమస్య కూడా అందులో ఉన్నాయి. పిల్లాడికి నెలనెలా రక్తం ఎక్కిస్తున్నామని ఎవరైనా చెబితే, సర్టిఫికెట్ తీసుకున్నారా అని అడగండి. చాలాసార్లు లేదనే జవాబు వస్తుంది.

వినేటప్పుడు తొందర పడకూడదు. షాపులో గిరాకీ ఉన్నా ఒక స్టూలు వేసి కూర్చోబెడతాను, నీళ్లిస్తాను. నలుగురి ముందు అడగకూడనివి ఉంటాయి. అప్పులు, తాగుడు, మొగుడు కొట్టడం, పిల్లాడి మతి బాగోకపోవడం లాంటివి. అలాంటప్పుడు "మధ్యాహ్నం రెండింటికి రా అక్కా, అప్పుడు ఎవరూ ఉండరు" అంటాను. వాళ్లు తప్పకుండా వస్తారు.

ముందు మీరు తిరగండి

ఎవరినైనా పంపే ముందు ఆ చోటు మీరు చూసి ఉండాలి. ఒక వారం కేటాయించండి. మీ ఊళ్లో ఆశా కార్యకర్త ఎవరు, అంగన్‌వాడీ టీచర్ ఎవరు, ఏఎన్ఎం (నర్సమ్మ) ఏ రోజు వస్తుంది, పంచాయతీ కార్యదర్శి ఎన్ని ఊళ్లు చూస్తున్నాడు, మహిళా సంఘాల లెక్కలు చూసే వీఓఏ ఎవరు, వెళ్లి పరిచయం చేసుకోండి. ఆంధ్రాలో ఉన్నవాళ్లకు 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ, వార్డు సచివాలయాలు ఉన్నాయి, అక్కడ వెల్ఫేర్ అసిస్టెంట్‌ను కలవండి. హైదరాబాద్ బస్తీల్లో అయితే మొదట బస్తీ దవాఖానా.

ప్రతి చోటా మూడే ప్రశ్నలు అడగండి. ఈ పని ఏ సీటులో చూస్తారు? ఏ రోజు, ఏ టైముకు ఆ మనిషి ఉంటాడు? ఏ కాగితాలు, ఎన్ని కాపీలు? ఆ జవాబులు రాసుకోండి. "ఆఫీసుకు పో" అని చెప్పడానికీ "లోపలికి వెళ్లగానే ఎడమ చేతి వైపు రెండో గది, కిటికీ పక్కన మేడం ఉంటుంది, పదకొండున్నర తరువాత పో" అని చెప్పడానికీ చాలా తేడా ఉంది. రెండో మాట విన్న మనిషి ధైర్యంగా లోపలికి అడుగుపెడతాడు.

వీళ్లందరిలో నాకు ఎక్కువ ఉపయోగపడింది పోస్ట్‌మ్యాన్, ఆశా కార్యకర్త. ఎవరింట్లో మంచం పట్టిన ముసలివాళ్లు ఉన్నారో, ఏ ఇంటి తలుపు నాలుగు రోజులుగా తెరవలేదో వాళ్లకే తెలుసు. సాయం కావలసిన వాళ్లలో కొందరు మీ దగ్గరికి ఎప్పటికీ రారు. వాళ్ల గురించి మీకు చెప్పేది ఈ ఇద్దరే.

చెప్పి పంపడం వేరు, అప్పజెప్పడం వేరు

నేను చేసిన ఒక తప్పు రాయాలి. షాపు మొదలుపెట్టిన కొత్తలో, బీడీలు చుట్టే ఒక అక్కకు "సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటది, అక్కడ ఇయ్యి" అని చెప్పి పంపాను. కలెక్టర్ జనం దగ్గర అర్జీలు తీసుకునే ఈ ప్రజావాణి ఎన్నికల కోడ్ ఉన్నన్ని రోజులు జరగదు. నేను అది చూసుకోలేదు. ఆమె ఆ రోజు కూలి పోగొట్టుకొని, బస్సు కిరాయి పెట్టుకొని, పసిపిల్లను చంకనేసుకొని వెళ్లి ఉత్త చేతులతో తిరిగి వచ్చింది. నన్నేమీ అనలేదు. కానీ మళ్లీ ఎన్నడూ కాగితాల పని మీద నా దగ్గరికి రాలేదు. దారిలో కనబడితే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

అందుకే ఇప్పుడు మొదటిసారి వెళ్లేవాళ్లను ఒంటరిగా పంపను. నాకు వీలైతే నేను వెళ్తాను. షాపు వదిలి ప్రతిసారీ వెళ్లలేను కదా. అందుకని అదే పని ఇంతకు ముందు చేయించుకున్న వాళ్లను తోడు పంపుతాను. బీమా డబ్బు తెచ్చుకున్న ఆ కోడలు ఇప్పటికి నలుగురు ఆడవాళ్లను బ్యాంకుకు వెంట తీసుకెళ్లింది. ఏ కౌంటర్ దగ్గర నిలబడాలో, మేనేజర్‌తో ఎలా మాట్లాడాలో నాకంటే ఆమె బాగా చెబుతుంది. పైగా ఆ దుఃఖం ఆమెకు తెలుసు.

దీనికి ఒక పుస్తకం కావాలి. నాది 200 పేజీల లాంగ్ బుక్. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. పైన పేరు, వాడకట్టు, ఎవరి ఫోనుకు చేయాలి. ఆ కింద ఏమైంది, రెండు వరుసల్లో. ఎక్కడికి పంపాను, ఏ తేదీ, రసీదు నంబరు. చివర ఎర్ర పెన్నుతో మళ్లీ ఏ రోజు అడగాలి. మామూలుగా 15 రోజులు పెడతాను. ఆ రోజు నేనే ఫోన్ చేస్తాను. వాళ్లు చేస్తారని చూడకూడదు. పని కాకపోతే మొహమాటంతో, సిగ్గుతో వాళ్లు చేయరు.

ఆ పుస్తకంలో ఆధార్ నంబరు రాయను. ఓటీపీ ఎవరిదైనా సరే, నేను అడగను, చూడను. వాళ్ల ఫోనులో వస్తే వాళ్లే చదివి టైపు చేయాలి, చదవడం రాకపోతే ఇంటి పిల్లలను పిలిపిస్తాను. జిరాక్స్ షాపులో ఇంకో జాగ్రత్త ఉంది, ఈ పని చేసే అందరికీ చెబుతాను. ఆధార్ కాపీ సరిగ్గా పడకపోతే ఆ చెడిపోయిన కాగితాన్ని పక్కన పడేస్తారు. ఆ పాత కాగితాల కట్టలు మిర్చి బజ్జీల బండికి, పల్లీల అంగడికి పోతాయి. నేను అక్కడికక్కడే నాలుగు ముక్కలు చేసి, సాయంత్రం బకెట్ నీళ్లలో నానబెట్టి పారేస్తాను. పదేళ్లుగా ఒక్క రోజు కూడా మానలేదు.

ఒక్క పేజీ వినతిపత్రం

వినతిపత్రం ఎంత పొడుగ్గా రాస్తే అంత పని అవుతుందని అనుకుంటారు. మూడు పేజీల కష్టాలు చదివే తీరిక ఎవరికీ ఉండదు. ఒక్క పేజీ చాలు. నేను, నా ఊరు, నా వయసు. ఏం జరిగింది, ఏ తేదీన. ఇంతకు ముందు ఎక్కడ ఇచ్చాను, ఎప్పుడు. ఇప్పుడు నాకు ఏం చేసి పెట్టాలి. ఈ చివరిది ఒక్కటే ఉండాలి. పింఛను, ఇల్లు, రేషన్ కార్డు, బోరు, నాలుగూ ఒకే కాగితంలో రాస్తే ఏ సీటుకు పంపాలో తెలియక ఎక్కడికీ పోదు. నాలుగు అడగాలంటే నాలుగు కాగితాలు ఇవ్వండి.

రెండు కాపీలు తీసుకెళ్లాలి. ఒకటి వాళ్లకు, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి, లేదా రసీదు తీసుకోవాలి. ముద్ర పడని కాగితం ఇచ్చినట్టే కాదు.

పేర్ల సంగతి చూసుకోండి. మా దగ్గర ఆగిపోయే పనుల్లో ఎక్కువ భాగం పేర్ల దగ్గరే ఆగుతాయి. ఆధార్‌లో ఇంటిపేరుతో లక్ష్మి, రేషన్ కార్డులో లచ్చవ్వ, బ్యాంకులో ఇంటిపేరు లేకుండా ఉత్త లక్ష్మి. మనిషి ఒక్కరే, కంప్యూటర్‌కు ముగ్గురు. కొత్త దరఖాస్తు పెట్టే ముందే అన్ని కాగితాలూ వరుసగా పరిచి పేరు, పుట్టిన తేదీ పోల్చండి. తేడా ఉంటే ముందు అది సరిచేయించాలి. పది నిమిషాల పని, ఆర్నెల్ల తిరుగుడు తప్పుతుంది.

బీడీలు చుట్టీ చుట్టీ, ఆకు కత్తిరించీ వేళ్లు అరిగిపోయినవాళ్లు మా వైపు చాలామంది. మిషన్ మీద వేలు పెడితే పడదు. "నా వేలు పడ్తలేదు, నాకు ఇయ్యరట" అని వెనక్కి వచ్చేస్తారు. వేలిముద్ర పడనంత మాత్రాన ఎవరికీ హక్కు పోదు. రేషన్ షాపులో కంటిపాపతో చూస్తారు. ఆధార్ సెంటర్‌లో వేలిముద్రలు మళ్లీ తీయించుకోవచ్చు. పింఛను దగ్గర కుదరకపోతే పంచాయతీ కార్యదర్శిని పట్టుకోండి. వేలికి కొద్దిగా కొబ్బరినూనె రాసి, తుడిచి పెట్టించడం కూడా చేసి చూడండి, మా షాపు ముందు చాలామందికి అలా పడింది.

నంబర్లు గోడ మీద ఉంటే చాలదు

మా షాపు గోడ మీద ఈ నంబర్లు పెద్ద అక్షరాలతో రాసిపెట్టాను. పెద్దవాళ్ల కోసం 14567, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు. ఆడవాళ్ల కోసం 181. పిల్లల కోసం 1098. మనసు బాగోలేనివాళ్లకు, చచ్చిపోవాలనిపిస్తోంది అనేవాళ్లకు 14416, పగలూ రాత్రీ, తెలుగులోనే మాట్లాడతారు. లాయర్ సాయానికి 15100. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే 1930, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది, గంటలు లెక్క. 108, 112 సంగతి అందరికీ తెలుసు.

కానీ గోడ చూసి ఫోన్ చేసినవాళ్లు చాలా తక్కువ. అవతల ఎవరు ఎత్తుతారో, ఏం అడుగుతారో అని టెన్షన్. అందుకే మొదటి ఫోన్ నా ముందే చేయిస్తాను, స్పీకర్ పెట్టి. మొదటి రెండు మాటలు నేను మాట్లాడి, "ఇదిగో వాళ్లతోనే మాట్లాడండి" అని ఫోన్ చేతికిస్తాను. ఫోన్ పెట్టేశాక ఏం చెప్పారో కాగితం మీద రాసిస్తాను.

181కి చేయించేటప్పుడు మాత్రం వేరే పద్ధతి. ఆమె ఫోన్ నుంచి చేయిస్తే కాల్ లిస్టులో నంబరు కనబడుతుంది, ఇంటికి వెళ్లాక దాని మీద ఇంకో గొడవ. అందుకే నా ఫోన్ నుంచి. తిరిగి నేను ఆమెకు ఫోన్ చేయాలంటే, మొగుడు ఎత్తితే "జిరాక్స్ కాపీలు మర్చిపోయింది, తీసుకుపొమ్మను" అని చెప్పాలని ముందే మాట అనుకుంటాం. సఖి కేంద్రం ఎక్కడుందో, అక్కడ కొన్ని రోజులు ఉండనిస్తారని, వైద్యం, పోలీసు, లాయర్ అన్నీ అక్కడి నుంచే చూస్తారని చెబుతాను. ఆ రోజే వెళ్లిపొమ్మని బలవంతం చేయను. ఎప్పుడు బయటికి రావాలో ఆమెకే తెలుస్తుంది. ప్రాణం మీదికి వస్తుందనిపిస్తే మాత్రం ఆగకూడదు, వెంటనే 112.

లాయర్ సంగతిలో ఒక మాట చాలామందికి తెలియదు. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయం ఎంత అనే లెక్క లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. కోర్టు ఆవరణలోనే న్యాయ సేవల సంస్థ ఆఫీసు ఉంటుంది. ఫీజుకు డబ్బు లేదని కేసు వదిలేసుకున్న ఆడవాళ్లను నేను ఎంతమందిని చూశానో.

పెద్దవాళ్లు నోరు విప్పరు

ఒక బాపు రోజూ వచ్చి మా షాపు అరుగు మీద కూర్చునేవాడు. జిరాక్స్ ఏమీ ఉండదు. రెండెకరాలూ కొడుకు పేర రాసిచ్చాడు. ఇప్పుడు కోడలు పెడితే తింటున్నాడు, లేకపోతే లేదు. నేను కనుక్కోవడానికే మూడు వారాలు పట్టింది. చట్టం ఉంది బాపూ అంటే "కొడుకు మీద కేసు పెడితె నలుగురు ఏమనుకుంటరు బిడ్డా" అన్నాడు.

తల్లిదండ్రులను పిల్లలు చూసుకోవాలనే ఆ చట్టం 2007లో వచ్చింది. తల్లిదండ్రులు ఏ వయసువాళ్లయినా, 60 ఏళ్లు దాటిన పెద్దవాళ్లయినా ఆర్డీఓ దగ్గర ఉండే ట్రిబ్యునల్‌కు మామూలు కాగితం మీద రాసివ్వవచ్చు. కోర్టులా ఏళ్లు పట్టదు, నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. చట్టంలో నెలకు 10 వేల వరకు ఇప్పించవచ్చని ఉంది. తాము వెళ్లలేకపోతే వేరే మనిషికి అధికారం ఇచ్చి పంపవచ్చు. చూసుకోవాలనే షరతు మీద రాసిచ్చి, చూసుకోకపోతే ఆ రిజిస్ట్రేషన్ రద్దు చేయమని కూడా అడగవచ్చు. అందుకే ఇంకా రాసివ్వని పెద్దవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటే: ఆ షరతు దస్తావేజులోనే రాయించండి.

బాపు దగ్గర నేను కేసు అనే మాట వదిలేశాను. 14567కు ఫోన్ చేయించాను. ముందు రాజీ మాటలకు పిలిచే ఏర్పాటు ఆ చట్టంలోనే ఉందని చెప్పాను. కొడుకును ఎదురుగా కూర్చోబెట్టి, ఊరి పెద్దమనుషులు కాకుండా బయటి మనిషి మాట్లాడటం వల్ల కొడుకు తల దించుకున్నాడు. నెలకు ఇంత బియ్యం, ఇంత డబ్బు అని రాసుకున్నారు. కొడుకు ఇస్తున్నాడు. బాపు ఇప్పటికీ అరుగు మీదే కూర్చుంటాడు, కానీ తిని వస్తున్నాడు. మొదట్లో నేను కేసు కేసు అని తొందర పెట్టి ఉంటే ఆ అరుగు మీదికి కూడా రావడం మానేసేవాడు.

గల్ఫ్‌కు పోయేవాళ్ల ఇళ్లు

మా జిల్లాలో ఇంటికొకరు దుబాయో, మస్కటో, సౌదీయో. పోయే ముందు రోజు పాస్‌పోర్టు జిరాక్స్‌కు వస్తారు. నేను మూడు సెట్లు తీస్తాను, ఒక సెట్టుకే డబ్బు తీసుకుంటాను. పాస్‌పోర్టు, వీసా, కంపెనీ పేరు, అక్కడి ఫోను, ఏజెంటు పేరు, రూమ్‌లో ఉండే ఇద్దరి నంబర్లు. ఒక సెట్టు ఇంట్లో, ఒకటి అత్తగారింట్లో, ఒకటి వెంట. ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో, అంటే బయటి దేశంలో పనికి ప్రభుత్వం ఇచ్చే అనుమతితో, పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది, ప్రమాదంలో చనిపోతే, శాశ్వతంగా వైకల్యం వస్తే 10 లక్షలు. ఆ పాలసీ కాగితం కాపీ కూడా ఆ సెట్లో ఉండాలి. అక్కడ ఏదైనా జరిగితే ఇక్కడి భార్యకు కంపెనీ పేరు కూడా తెలియని పరిస్థితి నేను చూశాను. మదద్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలన్నా, కలెక్టర్‌కు రాయాలన్నా మొదట అడిగేది పాస్‌పోర్టు నంబరే.

డబ్బు, మాట

ఈ పనికి డబ్బు తీసుకోకండి. జిరాక్స్ రేటు జిరాక్స్‌కు, అంతే. టీ తాగించినా తీసుకోను. ఒక్కసారి తీసుకుంటే మిమ్మల్ని పైరవీకారు లెక్కలో వేస్తారు, ఆ తరువాత నిజం చెప్పినా నమ్మరు. మీసేవలో కట్టే ఫీజుకు రసీదు ఉంటుంది, అది వాళ్ల చేతికే ఇప్పించండి.

వస్తుందని మాట ఇవ్వకండి. "అడుగుదాం, నీకు అర్హత ఉందని నాకనిపిస్తోంది" వరకే. అర్హత లేకపోతే మొహం మీదే చెప్పండి, మెత్తగా. ఆశ పెట్టి ఏడాది తిప్పడం కంటే అది నయం. లేదని చెప్పాక కూడా కవరు ఇంకోసారి చూడండి. అడిగింది రాకపోయినా వేరేది ఉండవచ్చు. ఇల్లు అడిగి రాని ఒక ముసలాయనకు 70 దాటిందని తెలిసి వయ వందన కార్డు చేయించాం. 2024 అక్టోబరులో వచ్చింది, 70 దాటిన ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు ఉచిత వైద్యం.

నెలలు గుర్తుపెట్టుకోండి

పుస్తకం చివరి పేజీలో నెలలు రాసుకున్నాను. జూన్‌లో హాస్టల్ సీట్లు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు. మేలోనే తీసిపెట్టుకుంటే జూన్‌లో మీసేవ దగ్గర క్యూ ఉండదు. నవంబరులో కేంద్ర ప్రభుత్వంలో రిటైరైన ఉద్యోగుల లైఫ్ సర్టిఫికెట్, 80 దాటినవాళ్లకు అక్టోబరు నుంచే. మంచం మీద ఉన్నవాళ్లయితే పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి చేస్తాడు, అడగాలి అంతే.

మే నెల నాకు అన్నిటికంటే ముఖ్యం. 25 నుంచి 31 లోపు ఆ 436, 20 రూపాయలు ఖాతాలోంచి కోస్తారు. ఆ రోజుల్లో ఖాతా ఖాళీగా ఉంటే బీమా ఆగిపోతుంది. మే 20న షాపు ముందు నల్లబోర్డు పెడతాను: "మీ ఖాతాలో 456 రూపాయలు ఉన్నాయా?" చదువు రానివాళ్ల కోసం ఆ పది రోజులూ ఎవరు ఏ జిరాక్స్‌కు వచ్చినా పాస్‌బుక్కు ఒకసారి చూపించమంటాను. పోయినసారి ఆ బోర్డు రాసింది ఆ అవ్వ మనవరాలు, ఏడో తరగతి చదువుతోంది. అంకెలు నాకంటే గుండ్రంగా రాస్తుంది.